తక్కెడ ఎక్కనిది

గంటలో చెబుతామన్నారు. గంటంటే ఎంతసేపో కూర్మమ్మకి సముద్రం ఒడ్డునైతే తెలుసు, పోటు ఎంతవరకు ఎక్కిందో చూసి చెప్పగలదు, ఇసకలో ఆరేసిన నెత్తళ్ళ చేపలు ఎంత ముడుచుకున్నాయో చూసి చెప్పగలదు, కానీ ఈ శ్రీకాకుళం ఆసుపత్రి వరండాలో సున్నం గోడకి వీపు ఆనించి కూర్చుంటే గంట ఎక్కడ మొదలైందో ఎక్కడికి పోతోందో అంతు చిక్కడం లేదు. ఎదర గదికి పచ్చ తెర కట్టి ఉంది. ఆ తెర వెనక ఎల్లాజీ ఉచ్చ పట్టిన సీసా ఉంది. దాన్లోంచి నాలుగు చుక్కలు గాజు గొట్టంలో నీలం మందులో వేసి దీపం మీద కాస్తారు. అది నీలంగానే ఉండిపోతే కూర్మనాథస్వామి దయ, ఆకుపచ్చకి తిరిగితే పరవాలేదు, పసుపైతే చూద్దామంటారు, ఇటుక రంగు వస్తే మాత్రం ఎల్లాజీ కుడికాలి బొటనవేలు ఈ పూటే తీసేస్తామని డాక్టరు పోయిన శుక్రవారం చెప్పేశాడు. తియ్యకపోతే పాదం పోతుందట, పాదం తియ్యకపోతే మోకాలు. జుట్టు కత్తిరిస్తానన్నంత తేలిగ్గా చెప్పాడు. ఆయన్ని అనుకోవడానికేముంది, ఆయన ఎప్పుడైనా తెప్ప ఎక్కాడా పాపం.

తెప్పంటే ఏముంది, నాలుగు దుంగలు తాళ్ళతో బిగించి కట్టినది. దాని మీద నిలబడాలంటే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, రెండు చేతుల్లో తెడ్డో వలో ఉంటుంది, కింద అల లేస్తూ ఉంటుంది, తడిసిన దుంగ జారుతూ ఉంటుంది, అప్పుడు మనిషిని నిలబెట్టేది బొటనవేళ్ళే. దుంగకీ దుంగకీ మధ్య సందులో ఆ వేళ్ళు దిగేసి పట్టు పట్టాలి. పెళ్ళైన కొత్తలో కూర్మమ్మ మొగుడి కాళ్ళు చూసి నవ్వింది, ఆ బొటనవేళ్ళు మిగతా వేళ్ళకి ఎడంగా, ఎవరిమీదో అలిగినట్టు పక్కకి తిరిగి ఉండేవి. తెప్ప ఎక్కినవాళ్ళందరికీ అలాగే ఉంటాయని తెలిసినా నవ్వింది, నవ్వడానికి ఏదో ఒకటి కావాలి కదా కొత్తలో. ఇప్పుడు ఆ వేలు గుడ్డల్లో చుట్టుకుని వరండా ఆ చివర బల్ల మీద ఉంది. ఎల్లాజీ గోడకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోవడం లేదని ఆవిడకి తెలుసు. కళ్ళు తెరిస్తే పెళ్ళాం మొహం చూడాలి, పెళ్ళాం చూస్తే మొహం తిప్పుకుంటుంది, వారం రోజులుగా ఇదే వరస. వారమైంది ఆవిడ మొగుడితో మాట్లాడి.

అంతా ఒక జెల్ల ముల్లు చేసిన పని. నాలుగు నెలల కిందట వల దులుపుతుంటే జెల్ల చేప జారిపడి దాని ముల్లు బొటనవేలు పక్కన దిగింది. జెల్ల ముల్లు గుచ్చుకోనివాడు జాలరిపేటలో ఎవడున్నాడు? కాసేపు గెంతుతారు, వేడినీళ్ళలో కాలు పెడతారు, మర్నాడు మళ్ళీ సముద్రం మీదికి పోతారు. ఎల్లాజీకి మాత్రం ఆ పుండు మానలేదు. పసుపు పెట్టింది, ఆకు పసరు పోసింది, అమ్మవారికి మొక్కింది. పుండు మానడం మాట అటుంచి చుట్టూ నల్లబడింది. ఈ ఆసుపత్రికి తీసుకొస్తే సుగరు జబ్బన్నారు. పంచదార జబ్బు! ఏడాదికి ఒక్కసారి శ్రీకూర్మం తిరనాళ్ళలో చిలకబొమ్మ పంచదార మిఠాయి ముక్క నోట్లో వేసుకునే మనిషికి పంచదార జబ్బేమిటని ఆవిడ డాక్టరుతో దెబ్బలాడింది. బియ్యం కూడా లోపలికి పోయి పంచదారే అవుతుందని ఆయన చెప్పాడు. ఆ మాట నమ్మడానికి ఆవిడకి మూడు రోజులు పట్టింది. తిన్న అన్నం మొగుడికి శత్రువైందంటే ఏ ఆడది చప్పున ఒప్పుకుంటుంది?

బిళ్ళలు రాశారు. పూటకి నూరు గ్రాముల బియ్యం తూచి వండమన్నారు, ఒక గ్రాము ఎక్కువ కూడదన్నారు. తూకమా, నాకా అనుకుంది కూర్మమ్మ. ఇరవై రెండేళ్ళుగా గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళమ్మట తిరిగిన మనిషి, తక్కెడ ఏనాడూ ముట్టుకోలేదు. చేపని తోక పట్టి ఒక్కసారి పైకెత్తిందంటే బరువు నోటితో చెబుతుంది. గ్రాముల రాళ్ళొచ్చిన కొత్తలో సంతలో ఒక షావుకారు పందెం వేసి వంజరం చేప తూయించి ఓడిపోయి అందరిలో నవ్వులపాలయ్యాడు. అందుకే ఆవిడ నర్సు పద్మకుమారితో గర్వంగానే చెప్పింది.

"నా సెయ్యే తక్కెడ తల్లీ. నాకు రాళ్ళెందుకు?"

నర్సు పిల్ల గడుసుది. ఆసుపత్రి వంటగదిలోకి తీసుకెళ్ళి బియ్యం డబ్బా ముందు పెట్టి, మీ ఆయనకి ఒక పూటకి నూరు గ్రాములు తియ్యి చూద్దాం అంది. కూర్మమ్మ తీసింది. తూస్తే నూట అరవై. తక్కెడ వంకరగా ఉందంది. నర్సు నవ్వి మూలనున్న వంకాయల బుట్ట చూపించింది. కూర్మమ్మ ఒళ్ళో పోసుకుని ఎత్తి చూసి ముప్పావు కిలోకి ఒక కాయ తక్కువంది. తూస్తే సరిగ్గా ఒక కాయే తగ్గింది. మళ్ళీ బియ్యం తియ్యమంటే ఈసారి నూట యాభై. మూడోసారి నూట అరవై ఐదు. వంకాయల దగ్గర, చేపల దగ్గర, పరాయివాళ్ళ గంపల దగ్గర అంత నికార్సుగా ఉండే చెయ్యి మొగుడి బియ్యం దగ్గరకొచ్చేసరికి కళ్ళు మూసుకుంటోంది. చెయ్యి పిడికిలి బిగించాక మళ్ళీ ఓ నాలుగు గింజలు వాటంతట అవే వేళ్ళ సందుల్లోకి ఎక్కుతున్నాయి. ఆ రోజు కూర్మమ్మకి సిగ్గేసింది, ఆ సిగ్గులో కాస్త సంతోషం కూడా ఉంది, ఎందుకో ఆవిడకే తెలీలేదు.

శ్రీకూర్మంలో కొట్టు జగన్నాధం దగ్గర పోపుసామాన్లు తూచే చిన్న తక్కెడ ఉంటే, పొద్దున్నే తెచ్చిన చందువ చేప ఇచ్చి పట్టుకొచ్చింది. ఇంట్లో తలుపు దగ్గరేసి తూచేది. మనిషి తినే తిండిని తూకం వేస్తే దిష్టి తగులుతుందని భయం. అయినా పేటలో ఏది దాగుతుంది, పక్కింటి అమ్మడు తడిక సందులోంచి చూడనే చూసింది. "ఏటే కూర్మీ, మొగుణ్ణి తూకానికి అమ్ముతన్నావేటే?" అని నవ్వింది. కూర్మమ్మ కూడా నవ్వి ఊరుకుంది. తర్వాత ఇంట్లోకొచ్చి ఏడ్చింది. నూరు గ్రాముల బియ్యం చిన్న ముంతలో వేరే వండి కంచంలో పోస్తే అది కంచం మధ్యన పిల్లలు ఆడుకునే బొమ్మరింటి అన్నంలా ఉండేది. ఎల్లాజీ పెద్ద మనిషి, తెప్ప నలుగురు మోసుకెళ్ళేటప్పుడు తను ఒక్కడూ ఒక వైపు ఎత్తే మనిషి. ఆ అన్నం వైపు చూసి ఏమీ అనేవాడు కాదు. నాలుగు ముద్దలు చేసుకుని తిని కంచం కడిగి బోర్లించేవాడు. కూర్మమ్మ తన కంచం వెనక్కి తిప్పుకుని తినేది. పదిహేను రోజులయ్యాక ఇద్దరూ వేరువేరు వేళల్లో తినడం మొదలెట్టారు. ఇలా చేద్దామని ఎవరూ అనుకోలేదు, ఆవిడకి పొయ్యి దగ్గర పనుండేది, ఆయనకి బయట వల బాగుచేసే పనుండేది, అంతే.

వారానికోసారి ఇక్కడికొస్తే ఇనప మిషను మీద నిలబెట్టేవారు. ముల్లు ప్రతిసారీ కిందికే దిగింది. బరువు తగ్గాలి, మంచిదే అనేవాడు డాక్టరు. ఆ ముల్లు దిగుతుంటే కూర్మమ్మకి ఆ మంచి ఏమిటో తెలిసేది కాదు. చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది. చెంపలు లోపలికి పోయాయి. ఎక్కడైనా మొగుడు బరువు తగ్గితే సంతోషించే పెళ్ళాం ఉంటుందా? సరే, వేలు నిలిస్తే చాలు, ఒళ్ళు మళ్ళీ వస్తుంది అనుకుని గింజ ఎక్కువ పడకుండా తూచింది. చేప కూడా తూచింది. దుంపలు మానిపించింది. కల్లు ఆయనే మానేశాడు. ఇంత చేస్తే గొట్టంలో మందు మాత్రం ప్రతి శుక్రవారం ఇటుక రంగే. పోయిన శుక్రవారం డాక్టరుకి కోపమొచ్చింది. "అమ్మా, తూచి పెడుతున్నానని నాతో అబద్ధమాడకు," అన్నాడు. అబద్ధం! సంతలో తూకం పేరు చెప్పుకుని జనాన్ని ముంచే షావుకార్లని ఎవరూ ఏమీ అనరు, రెండు నెలలు గింజ గింజ లెక్కపెట్టిన తను అబద్ధమాడిందట. ఆ ఉడుకు బస్సెక్కాక మొగుడి మీదికి తిరిగింది. తను తూచిపెడుతోంది, మందు ఎర్రబడుతోంది, అంటే ఆయన ఎక్కడో దొంగతిండి తింటున్నాడన్నమాటే. "ఎక్కడ తిన్నావో సెప్పు మావా. నా సెయ్యి నీకేటి తక్కువ సేసిందో సెప్పు," అని బస్సులో అందరూ వింటుండగా ఏడ్చింది. ఎల్లాజీ చాలాసేపు కిటికీలోంచి చూసి చూసి చివరికి అన్నాడు.

"తిన్నాన్లేయే. కూర్మం హోటల్లో ఇడ్లీలు తిన్నాను. ఊరుకో."

అంతే, ఆ రోజు నుంచి మాటలు బంద్. తను ఎండలో గంప మోసుకుంటూ ఊళ్ళు తిరుగుతుంటే ఆయన హోటల్లో కూర్చుని ఇడ్లీలు తిన్నాడు! చట్నీ కూడా పోయించుకునే ఉంటాడు. వేలు పోతే పోయింది, ఆయన వేలు, ఆయన ఇష్టం అని వందసార్లు అనుకుంది, అనుకున్న ప్రతిసారీ కళ్ళలో నీళ్ళొచ్చాయి.

తెర కదిలింది. కూర్మమ్మ తలెత్తి చూసింది. పద్మకుమారే, చేతిలో కాగితం, ఆ కాగితం వీళ్ళది కాదు. వెళ్తూ వెళ్తూ అలవాటుగా అడిగింది.

"పొద్దున్న మీ ఆయన ఏమన్నా తిన్నాడా?"

"ఏటీ తిన్నేదమ్మా. కాలీ కడుపే," అంది కూర్మమ్మ కూడా అలవాటుగానే.

నర్సు వెళ్ళిపోయింది. ఖాళీ కడుపే. తనూ ఏమీ తినలేదు పొద్దున్న. చీకటితో లేచి, బండి కట్టించుకుని కూర్మం వచ్చి, అక్కడ బస్సెక్కి, ఇప్పుడు ఎండ వరండాలో సగానికొచ్చింది, అయినా ఆకలి లేదే. కడుపు నిబ్బరంగా ఉంది. ఇంతలో చిన్న తేనుపు వచ్చింది, పులుపు పులుపుగా, ఉల్లిపాయ వాసనతో. అంబలి. పొద్దున్న బయల్దేరేముందు తాగిన చోడి అంబలి, రాగిపిండితో కాచినది. తాగింది, తినలేదు. పేటలో ఎవర్నడిగినా అంతే చెబుతారు, నిండు చెంబు అంబలి తాగి మూతి తుడుచుకుంటూ, ఏటీ తిన్నేదు అంటారు. అన్నం తింటే తిన్నట్టు, అంబలి తాగితే నీళ్ళు తాగినట్టు. అమ్మ అలాగే అనేది, అమ్మమ్మ అలాగే అనేది, ఏటి తిన్నావే అని ఎవరైనా అడిగితే అంబలి పేరు ఎత్తినవాళ్ళు లేరు. కానీ నీళ్ళు తాగితే కడుపు ఇలా ఉంటుందా? గంప నెత్తిన పెట్టుకుని మధ్యాహ్నం దాకా తనని నిలబెట్టేది నీళ్ళా? చోళ్ళు పిండి కాదా, అందులో వేసే నూక బియ్యం కాదా?

కూర్మమ్మ వెనక్కి లెక్కేసుకుంది. చోళ్ళు సుగరుకి మంచివని జగన్నాధం కొట్టు దగ్గర ఎవరో అన్నారు, ఆ మాట పట్టుకుంది. తూకం మొదలైన కొత్తలో ఆయనకి ఒక చెంబు పోసేది. తర్వాత ఆ కళ్ళు చూడలేక, ఎలాగూ తాగేదే కదా అని ఇంకో సగం చెంబు. ఆ తర్వాత ఇంకో సగం. నూక ఎక్కువ వేసి చిక్కగా కాచేది, గరిటె నిలబడేలా. అన్నంలో తీసేసినదంతా తెలిసో తెలియకో ఆ కుండలో వేస్తూ వచ్చింది. తక్కెడ దగ్గర బిగబట్టిన చెయ్యి కుండ దగ్గరకొచ్చి ధారాళంగా వదిలేసింది. ఈ వారం మాటలు మానేసినా అంబలి మానలేదు, పొద్దున్నే రెండు చెంబులు విసురుగా ఆయన ముందు పెట్టి పక్కకి తిరిగి కూర్చుని తన చెంబు తాగింది. మాట్లాడకపోయినా పక్కనే కూర్చుంది.

మరి ఇడ్లీలు? హోటల్లో తిన్నానన్నాడే? కూర్మం పేటకి రెండు కోసుల దూరం. ఆ కాలితో ఆయన ఇసక దాటి రోడ్డెక్కలేడు. బండి ఎవరు కట్టారు? ఎవరైనా కడితే అమ్మడు చెప్పకుండా ఉంటుందా? పోనీ కుంటుకుంటూ వెళ్ళాడే అనుకున్నా, కట్టు? ప్రతి సాయంత్రం కట్టు విప్పి ఉతికేది తనే. ఇసక లేదు, దుమ్ము లేదు, పొద్దున్న ఎలా కట్టిందో అలా తెల్లగా ఉండేది. సంతలో ఎవడి మాటలో ఎంత అబద్ధముందో ఇట్టే పసికట్టే మనిషి, తన ఇంట్లో అబద్ధాన్ని వారం పాటు నిజమనుకుంది. ఆయన ఎక్కడా తినలేదు. ఆయన వేలు మీదికి కత్తి తెచ్చింది హోటలువాడు కాదు, తనే, తన చెయ్యే, ప్రేమగా, చిక్కగా కాచి మరీ. ఏడవడానికి ఇప్పుడు వేళ లేదని లేచి నిలబడింది.

ఎవరూ పిలవలేదు. తెర పక్కకి తోసి లోపలికి వెళ్ళిపోయింది. డాక్టరు గొట్టం కిటికీ వెలుతురుకి పెట్టి చూస్తున్నాడు. రంగేమిటో చూసే ధైర్యం లేక ఆవిడ నేల వైపు చూస్తూ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

"డాట్రుబాబూ, తప్పు నాది. నానే ఎట్టినాను. అంబలి. పొద్దున్నే రెండు సెంబులు. తాగేది కదాని తూకమెయ్యలేదు. ఆడేటీ తిన్లేదు బాబూ, ఆడి ఏలు తియ్యకండి."

"రెండు చెంబులా?" డాక్టరు గొట్టం దించాడు. "చెంబంటే ఎంత?"

చేతులతో చూపించింది. ఈసారి చేతులు ఉన్నంతే చూపించాయి. డాక్టరు తల పట్టుకున్నాడు. రోజూ ఎంతోమందిని ఏం తిన్నావని అడుగుతాను గాని ఏం తాగావని అడగలేదు అన్నాడు, ఆవిడతో కాదు, తనలో తనే. తర్వాత మళ్ళీ గొట్టం చూసి మొహం ముడిచాడు.

"ఇవాళ కూడా తాగాడా? మరి ఇది ఇటుక రంగులో లేదే. పసుపు. రెండు నెలల్లో ఇదే మొదటిసారి. వారంలో ఇంత ఎలా తగ్గింది?"

గుమ్మం దగ్గరనుంచి జవాబొచ్చింది. ఎల్లాజీ తెర పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాడు.

"సగం పారబోసీవోణ్ణి బాబూ. ఇది అటు తిరిగినప్పుడు ఇసకలో పోసీసి కప్పెట్టీవోణ్ణి. పోయిన శుక్కురారం బరువు సూసినప్పుడు అంబలి తాగొచ్చా అని నానడిగితే నర్సమ్మ సెప్పింది, అంబలి కూడా అన్నం లాటిదే, తాగకని."

డాక్టరు ఆయన్ని బల్లమీద కూర్చోబెట్టి కట్టు విప్పాడు. వేలు చుట్టూ నొక్కాడు, ఇక్కడ తెలుస్తోందా, ఇక్కడ తెలుస్తోందా అని అడిగాడు. నలుపు కణుపు దాటలేదు. మళ్ళీ మొదటినుంచి నొక్కి చూశాడు. ఆ కాసేపట్లో కూర్మమ్మ ఏ దేవుణ్ణీ తలుచుకోలేదు, మొక్కడానికి కూడా మనసు కుదరలేదు, ఊరికే ఆ వేలు వైపు చూస్తూ నిలబడింది.

"పది రోజులు," అన్నాడు డాక్టరు చివరికి. "నోట్లోకి పోయే ప్రతీదీ తూకమెయ్యాలి, తాగేది కూడా. పదకొండో రోజున ఆకుపచ్చ రాకపోతే మాత్రం నన్ను బతిమాలకు."

బయటికొచ్చారు. ఆవిడ భుజం మీద చెయ్యి వేసుకుని ఆయన ఒక్కొక్క మెట్టూ దిగాడు. బస్సు ఆగే చోటు దాకా నడవడానికి చాలాసేపు పట్టింది. అక్కడ వేపచెట్టు నీడలో ఆయన్ని కూర్చోబెట్టి, వారం రోజుల తర్వాత మొదటి మాట అడిగింది.

"నర్సమ్మ సెప్పినప్పుడే నాకెందుకు సెప్పలేదు మావా?"

"బస్సెక్కీసరికి నువ్వు ఏడుపు మొదలెట్టినావు. నా సెయ్యి నీకేటి తక్కువ సేసిందని. ఆ సెయ్యే సేసిందని ఎలాగ సెప్పేది? హోటలంటే నన్ను తిట్టుకుని ఊరుకుంటావనుకున్నాను."

"అయితే పూరా పారబోసీవోడివి కదా! ఆ సగమెందుకు తాగినావు? ఏలు పోతాదని తెలిసి కూడాని?"

రోడ్డు మీద వడ్ల బస్తాల బండ్లు వరసగా పోతున్నాయి. ఎల్లాజీ అవన్నీ పోయేదాకా చూశాడు.

"అన్నాలు ఎలాగూ ఏరుగా తింటన్నాం. మాటలు కూడా మానీసినావు. నువ్వు నా పక్కన కూసోడం అంబలి తాగినప్పుడే. పూరా పారబోస్తే అది కూడా ఉండదు కదే."

కూర్మమ్మ మొహం కొంగులో దాచుకుంది. రోడ్డున పోయేవాళ్ళు చూస్తారని కూడా అనుకోకుండా గట్టిగా ఏడ్చింది, తిట్టింది, మూర్ఖుడా అంది, బుద్ధిలేనివాడా అంది, తెప్పకంటే అంబలెక్కువా అంది. ఆయన అన్నింటికీ తల ఊపాడు. ఏడుపు అయ్యాక కళ్ళు తుడుచుకుని ఆయన పక్కనే నేలమీద కూర్చుంది.

"రేపటినించి నానూ అంబలి తాగను. నీకెంత ఏస్తే నాకంతే ఏసుకుంటాను. ఒక్క ముంతలో వండి ఇద్దరం ఒక్కపాలే కూసుని తిందాం."

"ఎర్రిదానా, నూరు గ్రాములు తిని రెండు కోసులు గంప మోస్తావా?"

"మోస్తాను," అంది కూర్మమ్మ.